నాడీ ప్రచోదనం తీగలో కరెంటు కాకపోతే, నరం పొడవునా ప్రయాణించేది ఏమిటి?

ప్రశ్న: హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నేను కర్నూలుకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. పదో తరగతిలో నియంత్రణ, సమన్వయం గురించి చెప్పేటప్పుడు నాడీ కణాన్ని కరెంటు తీగతో పోల్చడం మా దగ్గర చాలాకాలంగా ఉన్న అలవాటు. తంత్రికాక్షం రాగి తీగ, దానిమీది మయలిన్ తొడుగు ప్లాస్టిక్ పొర, లోపల పోయేది కరెంటు అని చెబితే పిల్లలు వెంటనే తలలు ఊపుతారు. ఈమధ్య మా నాన్నగారికి చేయించిన ఒక పరీక్ష తరువాత ఆ పోలిక నా మనసులోనే నిలవడం లేదు.

నాన్నగారికి చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. పాదాలు మొద్దుబారుతున్నాయని చెప్పగా డాక్టరుగారు నర్వ్ కండక్షన్ పరీక్ష రాశారు. పరీక్ష చేసిన టెక్నీషియన్ ముందుగా పాదం ఉష్ణోగ్రత చూసి, చల్లగా ఉందని వెచ్చటి గుడ్డ చుట్టి కొంతసేపు ఉంచారు. ఆ తరువాత చీలమండ దగ్గర ఒకసారి, మోకాలి పక్కన ఒకసారి చిన్న షాకులు ఇచ్చారు. రిపోర్టులో ఒక నరానికి వేగం సెకనుకు 36 మీటర్లు అని, అది ఉండవలసినదానికంటే తక్కువ అని రాశారు.

నా సందేహాలు ఇవి. కరెంటు సంకేతం తీగలో కాంతి వేగానికి దగ్గరగా పోతుంది కదా, అటువంటప్పుడు నరంలో సెకనుకు కొన్ని పదుల మీటర్లు మాత్రమే ఎందుకు? సోడియం లోపలికి వస్తుంది, పొటాషియం బయటికి పోతుంది అని పుస్తకాలు చెబుతాయి. అవి రెండూ త్వచానికి (కణం పైపొరకు) అడ్డంగా జరిగే కదలికలు కాబట్టి, నరం పొడవునా కదిలేది అసలు ఏమిటి? నరం మధ్యలో షాకు ఇస్తే ప్రచోదనం కిందికి పోవాలా, పైకి పోవాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? పాదాన్ని వెచ్చబరచడానికీ నరం వేగానికీ సంబంధం ఏమిటి? తప్పు పోలికతో ఇంకో తరగతిని పంపించడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా మనవి.

సమాధానం: పెన్నా తీరం (కడప)

హంద్రీ ఒడ్డు గారూ, నేను శరీరధర్మశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ రెండో సందేహంతో మొదలుపెడతాను. అది తేలితే మిగిలినవి చాలావరకు వాటంతట అవే తేలుతాయి.

ప్రచోదనంతోపాటు ఆక్సాన్ (మీరు తంత్రికాక్షం అన్నది) పొడవునా ఏ పదార్థమూ ప్రయాణం చేయదు. వెన్నుపాము దగ్గర లోపలికి వచ్చిన సోడియం అయాను పాదం దాకా పోదు, వచ్చిన చోటి చుట్టుపక్కలే ఉండిపోతుంది. ముందుకు సాగేది ఒక మార్పు. త్వచంలో ఒకచోట కలిగిన విద్యుత్ మార్పు తన పక్కచోట అదే మార్పును కొత్తగా పుట్టిస్తుంది, అక్కడ పుట్టినది దాని పక్కన ఇంకొకదాన్ని పుట్టిస్తుంది. పాదం చేరిన ప్రచోదనం వెన్నుపాము దగ్గర బయలుదేరినది కాదు. దారిపొడవునా మళ్ళీ మళ్ళీ పుడుతూ వచ్చినవాటిలో అది చివరిది. ప్రతిచోటా దాన్ని పుట్టించడానికి కావలసిన శక్తి ఆ చోటనే ముందుగా నిల్వ ఉంటుంది. తీగకూ నరానికీ ఉన్న అసలు తేడా ఇదే. తీగలో శక్తి అంతా ఒక కొననుంచి రావాలి, నరంలో శక్తి పొడవునా పరచి ఉంటుంది.

ఆ నిల్వ ఎలా ఏర్పడుతుందో చూద్దాం. మన నాడీ కణాల లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోళ్ళు, బయట 4 లేదా 5 మాత్రమే. సోడియం దీనికి తలకిందులు: బయట సుమారు 145, లోపల 10 నుంచి 15. ఈ తేడాను నిలబెట్టేది త్వచంలోని సోడియం-పొటాషియం పంపు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చుతో అది 3 సోడియం అయాన్లను బయటికి పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. విరామంలో ఉన్న త్వచంగుండా పొటాషియం కొంచెం కొంచెంగా బయటికి జారగలదు, సోడియం దాదాపుగా లోపలికి రాలేదు. ధనావేశం గల పొటాషియం బయటికి జారినకొద్దీ లోపలి వైపు రుణావేశం మిగులుతుంది. అందువల్ల బయటితో పోలిస్తే లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు ఉంటుంది. వినడానికి ఇది స్వల్పమే. అయితే ఈ తేడా అంతా ఒక మిల్లీమీటరులో లక్ష వంతు కూడా లేని త్వచం మందానికి అటూ ఇటూ నిలిచి ఉందని గుర్తు చేసుకోండి. లెక్క కడితే అది మీటరుకు కోటి వోల్టుల స్థాయి విద్యుత్ క్షేత్రం. ఆ క్షేత్రం కొద్దిగా సడలినా త్వచంలోని ప్రోటీన్ల ఆకారం మారిపోతుంది. సోడియం ఛానళ్ళు, అంటే సోడియంకు దారి ఇచ్చే ప్రోటీన్ ద్వారాలు, తెరుచుకునేది అందుకే.

ఒకచోట ఏదో ఒక కారణం చేత లోపలి వోల్టేజి మైనస్ 55 దాకా ఎక్కిందనుకోండి. అక్కడి సోడియం ఛానళ్ళు కొన్ని తెరుచుకుంటాయి, సోడియం లోపలికి వస్తుంది, దానివల్ల వోల్టేజి ఇంకా ఎక్కుతుంది, మరిన్ని ఛానళ్ళు తెరుచుకుంటాయి. తనను తానే పెంచుకునే ఈ క్రియ ఒకసారి మొదలైతే మధ్యలో ఆగదు. ఒక మిల్లీసెకనులోపే లోపలి వైపు ప్లస్ 30 మిల్లీవోల్టుల దాకా చేరుతుంది. అంతలోనే సోడియం ఛానళ్ళు వాటంతట అవే మూతపడతాయి, ఆలస్యంగా తెరుచుకునే పొటాషియం ఛానళ్ళగుండా పొటాషియం బయటికి పోయి వోల్టేజిని మళ్ళీ కిందికి దించుతుంది. ఇదే క్రియా శక్మం (యాక్షన్ పొటెన్షియల్). ఆరంభ స్థాయిని దాటితే పూర్తిగా వస్తుంది, దాటకపోతే రాదు. గట్టిగా గిల్లినా మెల్లగా గిల్లినా ఒక్కొక్క ప్రచోదనం పరిమాణం ఒకటే. మారేది సెకనుకు ఎన్ని వస్తున్నాయన్న సంఖ్య మాత్రమే. ఒక్క నాడీ తంతువునుంచి సంకేతాలు నమోదు చేసి 1920ల్లో దీన్ని చూపినవాడు ఎడ్గార్ ఏడ్రియన్.

ఇప్పుడు పక్కచోటికి ఎలా పాకుతుందో చెప్పాలి. లోపలికి వచ్చిన ధనావేశం ఆక్సాన్ లోపలి ద్రవంగుండా ఇరుపక్కలకూ నెట్టుకుపోయి, పక్కనున్న త్వచం వోల్టేజిని కొద్దిగా ఎక్కిస్తుంది. ఈ ఒక్క అంచెలో మాత్రం మీ తీగ పోలిక నిజమే, ఇక్కడ జరిగేది నిజంగా విద్యుత్ ప్రవాహమే. అయితే ఈ తీగ ఎంత నాసిరకమో చూడండి. లోపలి ద్రవం నిరోధకత రాగి నిరోధకతకంటే కోట్ల రెట్లు ఎక్కువ. పైగా త్వచం ఆవేశాన్ని పొడవునా కార్చేస్తుంది. సహాయం లేకుండా వదిలేస్తే సంకేతం కొద్ది మిల్లీమీటర్లలోనే బలహీనపడి ఆనవాలు లేకుండా పోతుంది. మనిషి వెన్నుపామునుంచి పాదం దాకా దాదాపు ఒక మీటరు దూరం ఉంది. కాబట్టి ప్రతి చిన్న దూరానికీ దాన్ని పూర్తి పరిమాణంలో తిరిగి పుట్టించక తప్పదు. అలా పుట్టించడానికి త్వచం ఆవేశం మారాలి, ప్రోటీన్లు కదిలి ఛానళ్ళు తెరుచుకోవాలి. ఈ రెండింటికీ సమయం పడుతుంది. వేగం తక్కువగా ఉండడానికి కారణం ఈ ఆలస్యాల మొత్తమే. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: రాగి తీగలో కూడా ఎలక్ట్రాన్లు సెకనుకు మిల్లీమీటరుకంటే తక్కువ వేగంతోనే జరుగుతాయి, వేగంగా పోయేది విద్యుత్ క్షేత్రంలో మార్పు. మీ పిల్లల్లో భౌతికశాస్త్రం ఇష్టమైనవారు ఈ విషయం అడిగే అవకాశం ఉంది.

దిశ గురించి. నిజానికి ఆక్సాన్‌కు దిశ లేదు. మధ్యలో షాకు ఇస్తే ప్రచోదనం రెండు వైపులకూ బయలుదేరుతుంది. మీ నాన్నగారి మోకాలి పక్కన ఇచ్చిన ప్రతి షాకూ పాదంవైపు ఒక ప్రచోదనాన్నీ, వెన్నుపామువైపు ఇంకొకదాన్నీ పంపింది. మామూలు జీవితంలో అది ఒకవైపే పోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, అది ఎప్పుడూ ఒక కొననుంచే మొదలవుతుంది. రెండోది, మూతపడిన సోడియం ఛానళ్ళు సుమారు ఒక మిల్లీసెకను దాకా తిరిగి తెరుచుకోలేవు కాబట్టి, ఇప్పుడే దాటి వచ్చిన చోటు వెంటనే రెండోసారి స్పందించదు. వెనక్కి తిరిగే దారి ఆ కొద్దిసేపు మూసి ఉంటుంది.

ఈ చిత్రమంతా మనకు దక్కింది ఎక్కువగా స్క్విడ్ అనే సముద్రజీవి పుణ్యమే. దానిలో ఒక ఆక్సాన్ అర మిల్లీమీటరు మందం దాకా ఉంటుంది, అందులోకి సన్నని ఎలక్ట్రోడును దూర్చవచ్చు. ఇంగ్లండులోని ప్లిమత్ సముద్రజీవ పరిశోధనశాలలో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ 1939లో ఆ విధంగా క్రియా శక్మాన్ని కణం లోపలినుంచి కొలిచారు. విరామపు రుణావేశం సున్నాకు చేరి ఊరుకుంటుందని అప్పటిదాకా భావించేవారు. అది సున్నాను దాటి ధనంవైపు పోవడం వారు చూశారు. యుద్ధం మధ్యలో వచ్చి పని ఆగింది. 1952లో వారు ప్రచురించిన సమీకరణాలు సోడియం, పొటాషియం ప్రవాహాల కొలతలను మాత్రమే ఆధారం చేసుకుని ప్రచోదనం ఆకారాన్నీ వేగాన్నీ లెక్కగట్టి చూపాయి. 1963లో వారికి జాన్ ఎక్లెస్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఛానల్ అనే వస్తువును కంటితో చూసినవారు లేని రోజుల్లో, అందులో ఎన్ని కదిలే భాగాలు ఉండాలో గణితంతో ఊహించగలిగిన ఆ పనిని చదివినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

సమాధానం: వేరుశనగ చేను (అనంతపురం)

పెన్నా తీరం సార్‌కు నమస్కారాలు. నేను బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. ప్రచోదనం దాటిపోయిన తరువాత పంపు సోడియంను తిరిగి బయటికి నెట్టడం వల్లనే వోల్టేజి మైనస్ 70కి వస్తుందని నేను ఇప్పటిదాకా చదువుకున్నాను, మీరు మాత్రం పొటాషియం పేరు చెప్పారు. దీన్ని కొంచెం వివరించగలరా? అలాగే మయలిన్ ఉన్న ఆక్సాన్‌లో ప్రచోదనం ఒక కణుపునుంచి ఇంకో కణుపుకు దూకుతుందని రాస్తారు. దూకుతున్నప్పుడు మధ్యలో అది ఎక్కడ ఉంటుందో నాకు ఊహకు అందడం లేదు. ఇంకొక విషయం కూడా తెలుసుకోవాలని ఉంది. మా వైపు చేలల్లో రాళ్ళు తిరగేసేటప్పుడు ఎర్రతేళ్ళు కుడుతూ ఉంటాయి. వాటి విషం నరాలమీద పనిచేస్తుందంటారు, అది మీరు చెప్పిన ఛానళ్ళమీదేనా?

సమాధానం: పెన్నా తీరం (కడప)

నాయనా, మంచి ప్రశ్నలు అడిగావు. తేలు సంగతి ఇక్కడున్న వైద్యులెవరైనా చెబితే బాగుంటుంది, మొదటి రెండింటికి నేను చెబుతాను.

పంపు గురించి నువ్వు చదివినది చాలా గైడ్లలో ఉంది, అయినా అది సరికాదు. ఒక ప్రచోదనానికి లోపలికి వచ్చే సోడియం, బయటికి పోయే పొటాషియం ఎంత తక్కువో లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. స్క్విడ్ ఆక్సాన్‌లో ఒక్క ప్రచోదనానికి పోయే పొటాషియం లోపల ఉన్నదానిలో సుమారు 10 లక్షల్లో ఒక వంతు. త్వచానికి ఆనుకుని ఉన్న కొద్దిపాటి ఆవేశం అటూ ఇటూ మారితే చాలు, వోల్టేజి తలకిందులవుతుంది. లోపలి గాఢత మారవలసిన పని లేదు. కాబట్టి వోల్టేజిని వెంటనే కిందికి దించేది పొటాషియం ఛానళ్ళే, పంపు కాదు. దీనికి అందమైన రుజువు ఉంది. 1961లో బేకర్, హాడ్జ్‌కిన్, షా అనే ముగ్గురు స్క్విడ్ ఆక్సాన్ లోపలి పదార్థాన్ని చిన్న రోలరుతో ఒత్తి బయటికి తీసివేసి, ఖాళీ గొట్టంలా మిగిలిన త్వచాన్ని పొటాషియం లవణ ద్రావణంతో నింపారు. ఏటీపీ లేదు, పంపుకు ఆహారం లేదు. అయినా ఆ ఆక్సాన్ వేల సంఖ్యలో ప్రచోదనాలను పంపింది.

మరి పంపు ఎందుకంటే, అది ప్రతి ప్రచోదనం వెంటా పరుగెత్తే పనివాడు కాదు, నిల్వ తరగకుండా ఎడతెగక పనిచేసేది. మన శరీరంలోని సన్నని తంతువులు స్క్విడ్ ఆక్సాన్‌కంటే వందల రెట్లు సన్నగా ఉంటాయి కాబట్టి వాటిలో నిల్వ తక్కువ, ఒక్కొక్క ప్రచోదనానికి తరిగే భాగం ఎక్కువ. అక్కడ పంపు ఎక్కువసేపు ఆగితే నరం మూగబోతుంది. శరీర బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు విశ్రాంతిలో శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతాన్ని తీసుకుంటుంది. అందులో పెద్ద భాగం ఈ అయాన్లను తిరిగి వాటి స్థానాలకు చేర్చడానికే పోతుంది. ఈ పంపును 1957లో కనుగొన్న డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది.

ఇక మయలిన్. దీనిమీద కొంచెం ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే పాఠ్యపుస్తకాల బొమ్మలు పిల్లలను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇక్కడే. మయలిన్ అనేది ప్లాస్టిక్ పొరలా కరెంటు బయటికి పోకుండా ఆపుతుంది అన్నంతవరకు నిజమే, కానీ అది సగం కథ. నరంలో ఆక్సాన్‌ను అంటిపెట్టుకుని ఉండే ష్వాన్ కణం తన త్వచాన్ని ఆక్సాన్ చుట్టూ పొరమీద పొరగా పదుల సార్లు చుడుతుంది. పొరలు పెరిగినకొద్దీ త్వచంగుండా కారిపోయే ఆవేశం తగ్గుతుంది. అంతేకాక ఆ త్వచం వోల్టేజిని మార్చడానికి కావలసిన ఆవేశం కూడా బాగా తగ్గిపోతుంది. ఈ రెండో ప్రయోజనమే వేగానికి ప్రాణం. సుమారు ఒక మిల్లీమీటరు పొడవుకు ఒకసారి ఒక మైక్రాన్ మేర తొడుగు లేని రాన్వియర్ కణుపు వస్తుంది, సోడియం ఛానళ్ళు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. ప్రచోదనం పూర్తి పరిమాణంలో తిరిగి పుట్టేది ఆ కణుపుల దగ్గరే.

ఇప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నకు వద్దాం. ప్రచోదనం ఒక కణుపులో ఉండి, మాయమై, ఇంకో కణుపులో ప్రత్యక్షం కాదు. ఒక కణుపులో క్రియా శక్మం సుమారు ఒక మిల్లీసెకను నిలుస్తుంది. తంతువు వేగం సెకనుకు 50 మీటర్లు అనుకుంటే, ఆ ఒక్క మిల్లీసెకనులో ముందు అంచు 50 మిల్లీమీటర్లు దాటిపోతుంది. అంటే ఏ క్షణంలో చూసినా వరుసగా సుమారు 50 కణుపులు ఒకేసారి ఏదో ఒక దశలో క్రియాశీలంగా ఉంటాయి: ముందున్నవి అప్పుడే తెరుచుకుంటూ, నడుమనున్నవి శిఖరంమీద, వెనకవి చల్లబడుతూ. కణుపుల మధ్య తొడుగు ఉన్న భాగంలో మార్పు ఆగకుండా పాకుతూనే ఉంటుంది, అయితే చాలా తక్కువ ఆలస్యంతో. దూకడం అన్న మాట ఇంతవరకే పనికివస్తుంది. ప్రచోదనాలు కణుపుల దగ్గర పుడతాయని 1939 ప్రాంతంలో జపానులో ఇచిజి తసాకి, ఆ తరువాత 1949లో హక్స్‌లీ, స్టాంఫ్లీ ప్రయోగపూర్వకంగా చూపారు.

దీనివల్ల మనకు కలిగిన లాభం ఎంతో చెప్పి ముగిస్తాను. అర మిల్లీమీటరు మందమున్న స్క్విడ్ ఆక్సాన్‌లో వేగం సెకనుకు సుమారు 20 నుంచి 25 మీటర్లు. కప్పలో ఒక మిల్లీమీటరులో వందో వంతుకు కొంచెం పైబడిన మందమున్న మయలిన్ తంతువు కూడా అదే స్థాయి వేగం చూపుతుంది. మన ఒక్కొక్క కంటినుంచి మెదడుకు పోయే దృక్ నాడిలో 10 లక్షలకు పైగా తంతువులు ఉన్నాయి. మయలిన్ లేకుండా, స్క్విడ్ పద్ధతిలో మందంతోనే వేగం సాధించవలసి వస్తే ఆ ఒక్క నాడి అర మీటరు వెడల్పు అయ్యేది.

సమాధానం: గడియారస్తంభం (అనంతపురం)

నేను నరాల పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. హంద్రీ ఒడ్డు గారు అడిగిన ఉష్ణోగ్రత విషయం మా పనిలో రోజూ ఎదురయ్యేది కాబట్టి రాస్తున్నాను.

ఛానళ్ళు తెరుచుకోవడం, మూతపడడం ప్రోటీన్ల కదలికలే. చల్లబడితే అవి మందగిస్తాయి. చర్మం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు తగ్గుతుందని మేము లెక్క వేసుకుంటాము. చలికాలపు ఉదయం పూట బస్సు దిగి వచ్చినవారికి, అందులోనూ ఏసీ గదిలో కాసేపు కూర్చున్న పెద్దవారికి పాదం 25 డిగ్రీలకు పడిపోయి ఉండడం అరుదు కాదు. అలాగే పరీక్ష చేస్తే ఆరోగ్యంగా ఉన్న నరం కూడా జబ్బు పడినట్లు రిపోర్టు వస్తుంది. అందుకే చేతిని 32 డిగ్రీలకు, పాదాన్ని 30 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చబరిచి కొలుస్తాము. మీ నాన్నగారికి అలా చేసినవారు జాగ్రత్తగా పనిచేశారని నేను అంటాను. చల్లటి నరంలో ఇంకో వింత కూడా ఉంది: వేగం తగ్గుతుంది, యంత్రంలో నమోదయ్యే తరంగం ఎత్తు మాత్రం పెరుగుతుంది. ఛానళ్ళు మూతపడడం ఆలస్యమై ఒక్కొక్క ప్రచోదనం ఎక్కువసేపు నిలవడమే దానికి కారణం. జబ్బు వల్ల మందగించిన నరంలో ఎత్తు అలా పెరగదు. అనుభవం ఉన్నవారు ఈ తేడా చూసి అనుమానపడతారు.

రెండుచోట్ల షాకు ఎందుకు ఇస్తామంటే, ఒక్కచోట ఇస్తే వచ్చే సమయంలో నరంలోని ప్రయాణంతోపాటు నరానికీ కండరానికీ మధ్య జరిగే రసాయనిక ప్రసారం, కండరం స్పందించే సమయం కూడా కలిసి ఉంటాయి. రెండు కొలతలను తీసివేస్తే ఆ ఉమ్మడి ఆలస్యం పోయి, రెండు చోట్ల మధ్య నరంలో పట్టిన సమయం మాత్రమే మిగులుతుంది. ఉదాహరణకు చీలమండ దగ్గర షాకుకు 4.5 మిల్లీసెకన్లు, మోకాలి పక్కన షాకుకు 13.5 మిల్లీసెకన్లు పట్టి, నడుమ దూరం 324 మిల్లీమీటర్లు ఉంటే, 324ను 9తో భాగించగా సెకనుకు 36 మీటర్లు వస్తుంది. మీ రిపోర్టులోని అంకె వెనుక ఉన్న లెక్క ఇటువంటిదే. కాలి నరాల్లో ఇది సాధారణంగా 40కి పైన ఉండాలి, చేతుల్లో 50 దాకా లేదా అంతకు మించి.

ఈ పద్ధతి మా యంత్రాలతో పుట్టినది కాదు. 1850లో కోనిగ్స్‌బర్గ్‌లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరాన్ని రెండుచోట్ల ప్రేరేపించి, కండరం కదలడానికి పట్టిన సమయాల తేడాను తీసి వేగాన్ని లెక్కగట్టాడు. సెకనుకు 30 మీటర్లకు అటూ ఇటూ వచ్చింది. అంతకుముందు ఆయన గురువు యోహానెస్ ముల్లర్ నాడీ వేగాన్ని మనిషి ఎన్నటికీ కొలవలేడని రాసి ఉన్నాడు.

వేగం ఒక్కటే చూసి భయపడవద్దని కూడా చెప్పాలి. మయలిన్ దెబ్బతింటే ముఖ్యంగా వేగం పడిపోతుంది; ఆక్సాన్లే రాలిపోతే మిగిలినవి దాదాపు మామూలు వేగంతోనే పోతాయి గానీ తరంగం ఎత్తు తగ్గుతుంది. షుగర్‌లో రెండూ కలిసి ఉంటాయి, ఎక్కువ పొడవున్న నరాలు ముందుగా దెబ్బతింటాయి కాబట్టి పాదాల్లో మొదలవుతుంది. ఇంకో ముఖ్యమైన పరిమితి ఉంది. మేము కొలిచేది వేగంగా పోయే లావు తంతువులను మాత్రమే. మంట, వేడి తెలిపే సన్నని తంతువుల్లో చాలావాటికి మయలిన్ ఉండదు, వాటి వేగం సెకనుకు 2 మీటర్లకు మించదు, అవి ఈ పరీక్షకు చిక్కవు. కాలి వేలికి రాయి తగిలినప్పుడు ముందు చురుక్కుమని, ఒక్క క్షణం ఆగి ఆ తరువాత మండుతున్న నొప్పి రావడం అందరికీ అనుభవమే; మొదటిది సన్నటి మయలిన్ తంతువుల్లో వచ్చినది, రెండోది మయలిన్ లేని తంతువుల్లో నింపాదిగా వచ్చినది. అందువల్ల పరీక్ష మామూలుగా వచ్చినా పాదాలు మండుతున్నాయని రోగి చెబితే ఆ మాటను నమ్మాలి. రిపోర్టు అర్థాన్ని మాత్రం మీ డాక్టరుగారి నోటనే వినండి.

సమాధానం: పాలకొండల నీడ (కడప)

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడిగా పనిచేస్తున్నాను. తేలు గురించి అడిగిన తమ్ముడికి జవాబు.

అవును, ఎర్రతేలు విషంలోని ముఖ్యమైన పదార్థాలు సోడియం ఛానళ్ళమీదే పనిచేస్తాయి. తెరుచుకున్న ఛానళ్ళు సకాలంలో మూతపడకుండా అవి అడ్డుకుంటాయి. దాంతో ఒక్క ప్రచోదనం పోవలసిన చోట వరుసగా ఎన్నో పోతాయి. నొప్పి అంత తీవ్రంగా ఉండడానికి అది ఒక కారణం. గుండెను, రక్తనాళాలను నడిపే నాడులు కూడా ఇలాగే అదుపు తప్పడంతో అడ్రినలిన్, నారడ్రినలిన్ పొంగివచ్చి చెమటలు, చేతులు కాళ్ళు చల్లబడడం, రక్తపోటు పెరగడం, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం దాకా పోవచ్చు. చిన్నపిల్లలకు ప్రమాదం ఎక్కువ. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో ప్రాజోసిన్ అనే చవకైన మాత్రను ఈ వైద్యంలోకి తెచ్చారు, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మందు ఛానల్‌ను మూయదు. నారడ్రినలిన్ రక్తనాళాలమీద పనిచేసే చోటును అడ్డుకుంటుంది. అంత మాత్రమే ఎందరో ప్రాణాలను నిలబెట్టింది. మంత్రం వేయించడానికి గంటలు పోగొట్టుకున్న తరువాత నీలంగా మారిన పెదవులతో పిల్లలను తెచ్చినప్పుడు మా చేతుల్లో ఉండేది చాలా తక్కువ. కుట్టిన వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పంటి డాక్టరు ఇచ్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇదే ఛానల్‌మీద దీనికి వ్యతిరేకమైన పని చేస్తుంది. ఆ మందు త్వచాన్ని దాటి లోపలికి పోయి, లోపలి వైపునుంచి ఛానల్ దారిని మూసివేస్తుంది. సోడియం రాకపోతే ప్రచోదనం పక్కచోట తిరిగి పుట్టదు, పంటినుంచి బయలుదేరిన నొప్పి సంకేతం అక్కడితో ఆగిపోతుంది. చీము పట్టిన చోట ఆమ్లత ఎక్కువగా ఉండడం వల్ల మందులో ఎక్కువ భాగం ఆవేశం పొంది త్వచాన్ని దాటలేకపోతుంది, అందుకే అటువంటి పంటికి మత్తు సరిగా ఎక్కదు.

కట్లపాము విషం మాత్రం వేరు. అది ఆక్సాన్ జోలికి పోదు. ప్రచోదనం నరం చివరిదాకా చక్కగా చేరుతుంది, అక్కడ కండరానికి సంకేతాన్ని అందించే అసిటైల్ కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కొనలు దెబ్బతింటాయి. అందువల్లనే రోగికి తెలివి ఉంటుంది, తాకితే తెలుస్తుంది, కానీ రెప్పలు వాలిపోయి క్రమంగా ఊపిరి తీసే కండరాలు కదలవు. రాత్రి నేలమీద నిద్రించేవారిని ఈ పాము కరిచినప్పుడు గాయం దాదాపు కనిపించదు, నొప్పి కూడా అంతగా ఉండదు. తెల్లవారుజామున రెప్పలు వాలుతున్నాయని, మింగుడు పడడం లేదని ఎవరైనా అంటే కాటు గుర్తు కోసం వెతుకుతూ ఆగవద్దు. అటువంటివారికి వెంటిలేటరు అవసరం పడవచ్చు కాబట్టి అది ఉన్న ఆసుపత్రికే చేర్చాలి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. తీగ పోలికను ఇకమీదట ఒక్క మిల్లీమీటరు దూరానికే పరిమితం చేస్తాను. పెన్నా తీరం గారూ, యంత్రాలు లేని మా బడిలో ఈ వేగాన్ని పిల్లలు తామే అంచనా వేసే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం: పెన్నా తీరం (కడప)

ఉందండీ. 40 మంది పిల్లలను వరుసగా నిలబెట్టి కళ్ళు మూసుకోమనండి. మొదట ప్రతి ఒక్కరూ తమ ముందున్నవారి భుజంమీద చెయ్యి వేసుకోవాలి. భుజం నొక్కినట్లు తెలియగానే తమ ముందువారి భుజాన్ని నొక్కాలి. వరుస చివరికి చేరే సమయాన్ని ఫోనులోని స్టాప్‌వాచ్‌తో కొలవండి. నాలుగైదు సార్లు చేయించి, పిల్లల చేతులు కుదురుకున్న తరువాతి కొలతలనే తీసుకోండి. ఆ తరువాత అందరినీ కూర్చోబెట్టి, భుజానికి బదులు ముందువారి చీలమండను నొక్కుతూ అదే పని చేయించండి.

మొత్తం సమయంలో చాలా భాగం మెదడులో నిర్ణయానికీ సినాప్స్‌లకూ (నాడీ కణాలు కలిసే చోట్లకూ) కండరాల కదలికకూ పోతుంది. ఒక్కొక్కరికి సుమారు 0.2 సెకను పట్టవచ్చు, కాబట్టి ఆ మొత్తాన్ని నేరుగా వేగంగా మార్చకూడదు. హెల్మ్‌హోల్ట్జ్ చేసినట్లే రెండు కొలతలను తీసివేయండి. భుజంనుంచి మెదడుకు ఉన్న దూరంకంటే చీలమండనుంచి మెదడుకు ఉన్న దూరం ఆ వయసు పిల్లల్లో సుమారు ఒక మీటరు ఎక్కువ. 40 మందికి కలిపి 40 మీటర్లు. తాకిడి తెలిపే తంతువుల వేగం సెకనుకు 50 మీటర్లు అయితే తేడా 0.8 సెకను రావాలి, అది స్టాప్‌వాచ్‌కు అందే తేడాయే. మీ పిల్లలకు 30 వచ్చినా 70 వచ్చినా అంకెను దిద్దవద్దు; తేడా ఎందుకు వచ్చిందో వారినే చెప్పమనండి. కూర్చున్నప్పుడు చేతులు అందుకునే తీరు మారడం వల్ల కలిగే దోషాన్ని తగ్గించాలంటే, భుజం నొక్కే వంతును కూడా కూర్చోబెట్టే మరొకసారి చేయించండి.